నాలుగుల వరుస

ప్రతి పది నిమిషాలకీ ఫోను ఒకసారి వణికేది. వణకగానే ఆమె తలెత్తి, ఆ క్షణాన ఎవరేం చేస్తున్నారో చూసి, ఒళ్ళోని కాగితం మీద తొమ్మిది గడుల్లో తొమ్మిది అంకెలు వేసేది. ఒకటి అంటే పని. రెండు అంటే పనికి సిద్ధం కావడం. మూడు విశ్రాంతి. నాలుగు ఊరికే ఉండటం. మనుషులు రోజల్లా చేసేదాన్ని ఇలా నాలుగు అంకెల్లోకి కుదించే పద్ధతి ఆమె చేత ఈ అధ్యయనం చేయిస్తున్న సారు కనిపెట్టింది కాదు. ఎవరో ఎప్పుడో కనిపెట్టారు. కానీ దాని గురించి మాట్లాడేటప్పుడు సారు సొంత బిడ్డ గురించి చెప్పుకున్నట్టే చెప్పుకునేవాడు.

అది ఒక పెద్దాసుపత్రిలో బట్టలు ఉతికే హాలు. నేలమాళిగలో ఉంది. ఒక చివర వార్డుల నుంచి మాసిన దుప్పట్లూ గౌన్లూ మూటలుగా వచ్చి పొడుగాటి రేకు బల్ల మీద పడతాయి. మధ్యలో మనిషెత్తు యంత్రాలు నాలుగు, పక్కవాళ్ళ మాట వినపడనంత మోత. రెండో చివర ఆరిన దుప్పట్లని ఇద్దరిద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, కొసలు పట్టుకుని ఒక్కసారి విదిలించి, దగ్గరికొచ్చి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చి మడతలు పెడతారు. ఆమెకి కుర్చీ వేసింది ఆఫీసు గది అద్దాల తలుపు పక్కన. అక్కడ ఫ్యానుంది. కుర్చీ అక్కడే ఎందుకు వేశారని ఆమె అడగలేదు. ఫ్యాను కింద కుర్చీ వేస్తే ఎందుకని ఎవరడుగుతారు?

మొదటిరోజు పొద్దున ఏడింటికి పనివాళ్ళని నిలబెట్టి, సారు నేర్పిన మాటలు అప్పజెప్పింది. "మీ పేర్లెక్కడా రాయమండీ. ఒకటి నుంచి తొమ్మిది దాకా నంబర్లే. ఇక్కడ చూసింది పైవాళ్ళకి చెప్పం. నేనిక్కడ లేననుకుని మీ పని మీరు చేసుకోండి."

"లేవనుకోడానికి నువ్వేమన్నా దోమవా అమ్మాయ్?" అంది జట్టక్క. మడతలు పెట్టే జట్టుకి పెద్ద, మోత మీద మాట్లాడీ మాట్లాడీ గొంతు బొంగురుపోయిన మనిషి. "సరే, లేవనే అనుకుంటాం. కాళ్ళు మాత్రం లోపలికి పెట్టుకో, ట్రాలీ పోవాలి."

అందరూ పకపకా నవ్వారు. మధ్యాహ్నానికల్లా ఆమెకి గడియారం అని పేరు పెట్టేశారు. "గడియారం చూస్తోందర్రా" అని ఒకరంటే, మిగతావాళ్ళు దుప్పటి చాటున కిసుక్కుమనేవాళ్ళు.

ఆమెకీ వాళ్ళ మీద గౌరవమేమీ పుట్టలేదు. ఇది ఆమెకి మూడో అధ్యయనం. మనుషుల్ని చూసీ చూసీ కళ్ళు పదునెక్కాయని తనకో నమ్మకం. వీళ్ళు మాట్లాడేదాంట్లో సగం పొరుగిళ్ళ కబుర్లు, సగం మోకాళ్ళ నొప్పులు. సబ్బు పోసే అతన్ని ఇరవై ఏళ్ళవాళ్ళూ అరవై ఏళ్ళవాళ్ళూ అందరూ బావ అనే పిలుస్తారు. అతను ప్రతి యంత్రం దగ్గరా ఆగి ఏదో ఒక మేలమాడి కదులుతాడు. మేలమాడుతున్నప్పుడు ఒకటి వెయ్యాలా, మూడు వెయ్యాలా అని ఆమె కాసేపు తన్నుకులాడి మూడే వేసింది.

ఏడో నంబరు దగ్గర ఆ పాటి సందేహం కూడా రాలేదు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, అందరికీ పిన్ని. మూటలొచ్చే బల్ల దగ్గర అటు తిరిగి నిలబడుతుంది. కుర్చీలోంచి చూస్తే వీపు మాత్రమే కనపడుతుంది. ఆ వీపు కదలదు. మూట ముందు నిలబడి ఏ గోడనో చూస్తున్నట్టు ఉంటుంది. ఎప్పుడో ఒక అడుగు పక్కకి వేసి, ఇంకో మూట ముందు అలాగే నిలబడుతుంది. ఫోను వణికినప్పుడల్లా నాలుగు. మళ్ళీ నాలుగు. మళ్ళీ. మూడింటికి పని దిగేసరికి ఏడో వరుసలో ఉన్న నలభై ఎనిమిది గడుల్లో ముప్పై ఒకటి నాలుగులే. పక్కన అంచు మీద ఆమె ఒక వాక్యం కూడా రాసింది: "వయసు కావచ్చు, లేదా అలవాటుపడ్డ బద్ధకం." రాసి, బాగా వచ్చిందనుకుంది.

సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల మీద ఆ కాగితాలు చక్కగా తిరగరాస్తుంటే, ఎదురుగా కూర్చుని మావగారి చొక్కాకి గుండీలు కుడుతున్న అత్తగారు అడిగింది. "ఇవాళ్టి ఉద్యోగం ఏమిటే?"

"చూడటం, అత్తయ్యా. ఎవరు పనిచేస్తున్నారో, ఎవరు ఊరికే ఉన్నారో చూసి రాయాలి."

"నువ్వు కూర్చునా, నిలబడా?"

"కూర్చునే."

"మంచి ఉద్యోగమే," అంది ఆవిడ దారం పళ్ళతో కొరుకుతూ. "కూర్చుని, ఇంకెవరన్నా కూర్చున్నారా అని రాయడం."

ఆమె నవ్వలేదు. అత్తగారికి పరిశోధన అంటే ఏం తెలుసు అనుకుని, నాలుగులన్నీ ఎర్ర సిరాతో దిద్దింది.

రెండో రోజు పదకొండూ పదికి సారు వచ్చాడు. మెట్ల మీద ఉండగానే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. శ్రమజీవుల గౌరవం మీద ఆయన రాసిన పుస్తకాలు రెండు బీరువాలో అద్దం వెనక ఉంటాయి. శ్రమజీవుల హాలు మాత్రం ఆయనకి వాసన కొట్టింది. ఫోనులో మాట్లాడుతూనే రెండు యంత్రాల మధ్య నాలుగడుగులు నడిచాడు. ఫోను పెట్టేసి, ఎదురుగా తడి దుప్పట్ల బుట్ట ఎత్తబోతున్న జట్టక్కని ఆపాడు.

"అమ్మా, ఈ శ్రమలో మీ అస్తిత్వాన్ని మీరెలా నిర్వచించుకుంటారు?"

జట్టక్క ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. "కొంచెం జరగండి బాబూ. నీళ్ళు మీ బూట్ల మీద కారుతున్నాయి."

సారు జరిగాడు. ఈలోగా మళ్ళీ ఫోను మోగింది. అస్తిత్వం సంగతి అక్కడితో సరి.

కుర్చీ దగ్గరికొచ్చి కాగితాలు తిరగేసి, ఏడో వరుస దగ్గర ఆగిపోయాడు. రుమాలు కూడా తీసేశాడు. "ఇదెవరు?"

"అటు తిరిగి నిలబడ్డావిడ సార్. రెండు రోజులుగా ఇంతే."

"అద్భుతం. ఇది బద్ధకం కాదమ్మా. నిశ్శబ్ద ప్రతిఘటన. యంత్రం పరిగెత్తమంటే మనిషి నిలబడిపోతుంది. ఆ నిలబడటమే ఆమె తిరుగుబాటు! నేను పదేళ్ళుగా చెబుతున్నది ఇదే కదా." ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి. అంత తిరుగుబాటు చేస్తున్న మనిషిని దగ్గరికెళ్ళి ఒక్క మాట పలకరించాలని మాత్రం తోచలేదు.

అద్దాల తలుపు తోసుకుని ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు. అక్కడ టీ వచ్చింది. ఆఫీసరుకి ఆ హాలంటే మూటల సంఖ్య, మనుషుల సంఖ్య, అంతే. మొదటిది పెరుగుతూ రెండోది తగ్గుతూ ఉండాలని ఆయన కోరిక. తలుపు సగం తెరిచే ఉంది. సారు గొంతు మోత మీంచి కూడా వినపడింది.

"మీ ఏడో నంబరు గొప్ప మనిషండీ. రోజులో సగానికి పైగా ఏమీ చెయ్యదు. ఏమీ! మా వ్యాసానికి ఆమే కథానాయిక."

"ఏడో నంబరంటే ఎవరు?"

"అదుగో, ఆ బల్ల దగ్గర."

ఆమె కుర్చీలోంచి సగం లేచింది. "సార్, నంబర్లు..." అంది. సారు తిరిగి చూడకుండానే, ఈగని తోలినట్టు చెయ్యి ఊపాడు. ఆమె కూర్చుంది. ఆఫీసరు టీ కప్పు పెదవుల దగ్గర పెట్టుకుని అద్దంలోంచి పిన్ని వీపు వంక చాలాసేపు చూశాడు. పదకొండూ ముప్పై రెండుకి సారు మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ ఆమె భుజం తట్టి, "నీ కన్ను మంచిదమ్మా" అన్నాడు.

మూడో రోజు పొద్దున బల్ల దగ్గర పిన్ని లేదు.

"పైన నాలుగో అంతస్తుకి ట్రాలీ తొయ్యమన్నారట," అంది జట్టక్క ఎవరితోనో. ఆమెతో కాదు. ఆవేళ ఎవరూ ఆమెని గడియారం అనలేదు. అసలు ఏమీ అనలేదు. "మూటలు నేరుగా యంత్రంలో వెయ్యమని ఆఫీసరుగారి ఆర్డరు. వెయ్యండి మరి, ఏం చేస్తాం."

ఆమె ఏడో వరుస మీద గీత గీసి, "లేరు" అని రాసింది. ఇదంతా తనవల్లేనా అని ఒక క్షణం అనిపించింది. పెద్దామెకి ట్రాలీ తొయ్యడం ఇంతకన్నా తేలికేమోలే అని మరుక్షణం సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోవడంలో ఆమెకి మంచి అనుభవం ఉంది.

తొమ్మిదీ ఇరవై దాటింది. బావ ఒక మూటని రెండు చేతులా పొదివి పట్టుకుని, పొట్టకి ఆనించి ఎత్తాడు. రెండడుగులు వేసి ఆగాడు. అరవలేదు. మూటని మెల్లిగా నేల మీద పెట్టి, తన చెయ్యి వంక అది ఇంకెవరిదో అయినట్టు చూసుకున్నాడు. బొటనవేలి మొదట్లో ఇంజెక్షను సూది సగం దాకా దిగి నిలబడి ఉంది.

జట్టక్క చేతిలో దుప్పటి వదిలేసి పరిగెత్తింది. సూది లాగి, అతన్ని మెడ పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళింది. "పిండకు! పిండొద్దన్నానా? నీళ్ళు పోనీ. సబ్బు రాయి. కదలకు."

"ఎవరిదక్కా అది? ఏ వార్డుది?" బావ గొంతులో మేలం లేదు.

"ఎవరిదని చెప్పనురా? మూట మీద పేరు రాసి ఉంటుందా?"

"ఇంట్లో చంటిదుందక్కా. ఎత్తుకోవచ్చా?"

నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఒళ్ళో ఫోను వణికింది. ఆమె చెయ్యి అలవాటు చొప్పున కాగితం మీద కదిలింది. కదిలాక చూసుకుంటే, కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ మనిషి గడిలో నాలుగు వేసి ఉంది.

బావని అత్యవసర విభాగానికి తీసుకెళ్ళారు. ఇవాళ ఒక రక్తపరీక్ష, ఆరు వారాలకి ఒకటి, మూడు నెలలకి ఇంకొకటి. ఈలోగా రోజూ మాత్రలు. ఆ కబురు కిందికొచ్చాక జట్టక్క బల్ల కిందకి వంగి ఒక రేకు డబ్బా తీసింది. నేరుగా కుర్చీ దగ్గరికొచ్చి, కాగితాల మీద బోర్లించబోయి ఆగి, మూత తీసి ముక్కు కింద పెట్టింది. సూదులు. వంగినవి, మూతలేనివి. రెండు బ్లేడ్లు. పగిలిన మందు సీసా మెడ.

"ఈ నెలది. ఇవాళ తారీకు పన్నెండు. లెక్కపెట్టుకుంటావా? నీకు లెక్కలిష్టం కదా."

ఆమె ఒళ్ళోని కాగితాలు పక్కకి లాక్కుంది.

"చేతులతో మూట తడిమి తడిమి తీస్తుంది మా పిన్ని. అరగంట పడితే అరగంట. నువ్వేమో ఊరికే నిలబడిందని రాసి పైకి పంపావు. చెప్పనన్నావుగా? పేరు రాయకపోతే మనిషి తెలీదా? ఇక్కడ ఉన్నది తొమ్మిది మందిమి."

"నేను చెప్పలేదక్కా, సారు..."

"మీలో మీరు ఎవరు చెప్పారో మాకెందుకమ్మా?" జట్టక్క డబ్బా మూత పెట్టింది. "ఆ తలుపు పక్కన కూర్చున్నావు. అక్కణ్ణుంచి ఏం కనపడుతుందో ఆ కుర్చీలో నేనూ ఒకసారి కూర్చుని చూశాను, నిన్న నువ్వు టీకి పోయినప్పుడు. ఏమీ కనపడదు. చల్లగా మాత్రం ఉంది."

నాలుగో అంతస్తు వరండాలో పిన్ని ట్రాలీ చక్రంలో ఇరుక్కున్న దారం పీకుతోంది. వంగి లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆమె వెళ్ళి, తనే సూది గుచ్చినట్టు తలొంచుకుని నిలబడింది. పిన్నికి బావ సంగతి అప్పటికే తెలుసు.

"మీరు చేసేది నాకు కనపడలేదు పిన్నీ."

"కనపడదు. నువ్వు చూసింది నా వీపు. వీపుతో ఎవరు పనిచేస్తారమ్మా?" కోపంగా అనలేదు. బట్ట మీద మరక చూపించినట్టు అంది.

"ఎలా తెలుస్తుంది మీకు, లోపల ఉందని?"

"అరచెయ్యి ఆనించాలి. బరువెయ్యకూడదు. బట్ట బట్టలా ఉంటుంది. లోపల ఇంకోటుంటే ఇంకోలా ఉంటుంది. చెప్పడం రాదు నాకు." పీకిన దారం పక్కన పారేసి, "మూడేళ్ళ కింద నాకే దిగింది. మూడు నెలలు నా మనవరాలిని దగ్గరికి రానివ్వలేదు. అప్పట్నుంచీ నేనే చూస్తున్నా. ఎవరూ చెయ్యమనలేదు. ఏ పుస్తకంలోనూ లేదు ఈ పని," అంది.

ఆమె ట్రాలీ మీద చెయ్యి వేసింది, సాయంగా తోద్దామని. పిన్ని ఆ చేతిని తీసి పక్కన పెట్టింది. "వద్దులే. ఇది నీ పని కాదు. నీ పని నువ్వు సరిగ్గా చెయ్యి."

మర్నాడు సారు గదిలో ఆమె అంతా చెప్పింది. సారు శ్రద్ధగా విన్నాడు. విషాదం వినేటప్పుడు పెట్టుకోవాల్సిన మొహం ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

"చాలా బాధాకరం. పేజీ అడుగున అధస్సూచికలో పెడదాం."

"ఏడో వరుస అంతా తప్పు సార్. అవి నాలుగులు కావు, ఒకట్లు. నేను కూర్చున్న చోటు తప్పు."

"చూడమ్మా. చూసింది చూసినట్టు రాయడమే శాస్త్రం. నువ్వు చూసినప్పుడు అది నాలుగు. తర్వాత నీకు జాలి కలిగిందని దాన్ని ఒకటి చేస్తే, అది పరిశీలన కాదు, ప్రేమలేఖ." తన మాట తనకే నచ్చి చిన్నగా నవ్వాడు. "పైగా ప్రతిఘటన అధ్యాయం అయిపోయింది. వచ్చే నెల సదస్సులో చదవాలి. కుర్చీ సంగతి నివేదికలో రాయకు. అనవసరపు ప్రశ్నలొస్తాయి."

మూడేళ్ళుగా ఈ మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను కదా అని ఆమెకి ఒళ్ళు కంపరమెత్తింది. ఆయన మీద ఎంత ఏవగింపు కలిగిందో, "బాగా వచ్చింది" అనుకున్న తన వాక్యం మీదా అంతే కలిగింది. "సరే సార్," అని లేచి వచ్చేసింది. ఆ రోజంతా కూర్చుని నివేదిక రాసింది.

శుక్రవారం ఆసుపత్రి సమావేశపు గదిలో ఆఫీసరు, సారు, ఆసుపత్రి పాలక సంఘం నుంచి ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. పనివాళ్ళ తరఫున జట్టక్కని పిలిచి, గోడ వారన కుర్చీ వేశారు. పరిహారం కోరుతూ బావ ఇచ్చిన అర్జీ మీద ఆఫీసరు ముందే మాట్లాడేశాడు. "మూటలు తడిమి చూడటం అనే పనే మా రికార్డుల్లో లేదండీ. లేని పనిని మేం ఆపించామంటే ఎలా?"

పెద్దమనుషులు తలలూపారు. ఆమె లేచి చదవడం మొదలుపెట్టింది. కుర్చీ ఎక్కడ వేశారో, అక్కణ్ణుంచి బల్ల ఎన్ని అడుగుల దూరమో, ఏది కనపడుతుందో, ఏది కనపడదో చదివింది. ఏడో వరుస ఎందుకు తప్పో చదివింది. తర్వాత గొంతు మార్చకుండానే ఇంకా చదివింది.

"పదో వరుస: అధ్యయన పర్యవేక్షకులు. రెండో రోజు పదకొండూ పది నుంచి పదకొండూ ముప్పై రెండు వరకు హాజరు. అందులో ఫోను తొమ్మిది నిమిషాలు, టీ ఏడు నిమిషాలు. పనివాళ్ళని అడిగిన ప్రశ్న ఒకటి. జవాబు కోసం ఆగిన సమయం లేదు. ఏడో నంబరు ఎవరో ఆఫీసరుగారికి వేలితో చూపించారు. అంకె నాలుగు. పదకొండో వరుస: పరిశీలకురాలు. మూడు రోజులూ ఫ్యాను కింద కూర్చుని ఉంది. లేచి పది అడుగులు వేసి చూడలేదు. అన్ని గడులూ నాలుగే."

ఆఫీసరు మెడ చుట్టూ కాలరు సవరించుకున్నాడు. సంఘం పెద్దమనిషి ఒకాయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయాడు. ఆమె సారు వంక చూసింది. ఉద్యోగం పోతుందని ఆమెకి తెలుసు. ఆయన మొహం మాడటం చూసి పోదామని ఎదురుచూస్తోంది.

సారు మొహం వెలిగిపోతోంది.

"అద్భుతం!" అన్నాడు. "పరిశీలకుణ్ణే పరిశీలించడం! నన్ను కూడా వదల్లేదు చూశారా? ఇది నేనిచ్చిన శిక్షణండీ. ఇదే మన రెండో వ్యాసం, అమ్మా. ఇద్దరి పేర్లూ వేద్దాం. నాది ముందు." పెద్దమనుషుల వైపు తిరిగి, విమర్శని స్వీకరించడం గురించి అయిదు నిమిషాలు మాట్లాడాడు.

ఆమె నిలబడే ఉంది. ఉమ్మితే అది కూడా ఈయన సేకరించి అద్దం వెనక పెట్టుకుంటాడని అర్థమైంది. పిన్నిని తిరిగి కిందికి పంపుతున్నట్టు ఆఫీసరు గొణిగాడు, తాత్కాలికంగా, మానవతా దృష్టితో. అర్జీ సంగతి మాత్రం ఆధారాలు చూసి ఆలోచిస్తామన్నారు.

బయట వరండాలో సారు ఆమెని అందుకున్నాడు. "అసలు కాగితాలు రేపు తీసుకురా. స్కాన్ చేయిద్దాం."

"అవి కావలసినవాళ్ళు కింద ఉన్నారు సార్."

"అవి సంస్థవమ్మా!"

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. వెనక ఆయన ఫోను మోగింది. ఆయన ఎత్తాడు.

హాల్లో బావని పని మాన్పించి ఒక మూల కూర్చోబెట్టారు. జట్టక్క వెంటే దిగి వచ్చి, అతని పక్కన నిలబడింది. ఆమె కాగితాలన్నీ ముందు పెట్టింది. "మొదటి రెండు రోజులూ బల్ల దగ్గర మనిషి ఉంది, మూడో రోజు లేదు. ఇది ఇక్కడ తారీకుతో, గంటలతో సహా ఉంది. ఆ నాలుగులు నేను వేసిన తప్పని కింద రాసి సంతకం పెడతాను. మీ అర్జీకి జతచెయ్యండి. ఆ పూట ఏం జరిగిందో సాక్షిగా కూడా రాస్తాను."

బావ జట్టక్క వంక చూశాడు. జట్టక్క ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. కాళ్ళతో ఒక ఖాళీ సబ్బు డబ్బాని ముందుకు తోసింది, కూర్చోమని.

ఆమె కూర్చుని రాయసాగింది. సమయం రాసింది. ఎవరు ఎక్కడున్నారో రాసింది. మూట ఎలా పట్టుకున్నాడో రాసింది. యంత్రాల మోతలో రాసినంత మేరా గట్టిగా చదువుతూ పోయింది. "...ఎత్తి రెండడుగులు వేసేసరికి ఎడమచేతి బొటనవేలి మొదట్లో..."

"కుడి చెయ్యమ్మా," అన్నాడు బావ.

ఆమె కలం ఆగింది. తలెత్తితే, కట్టుకట్టిన కుడి చెయ్యి మోకాలి మీద పెట్టుకుని అతను తన వంకే చూస్తున్నాడు. జట్టక్క నవ్వలేదు.

ఆమె ఆ మాట కొట్టేసింది. డబ్బా ముందుకి జరుపుకుని, ఆ చేతిని దగ్గరగా చూసి, మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది.